నిలిచిపోయినాడంట

శిరీష నా దగ్గర జూనియరుగా చేరి రెండేళ్లు కావస్తోంది. మదనపల్లె పిల్లే. తెలివైనది, చేతి వేగం ఎక్కువ, నోటి వేగం ఇంకా ఎక్కువ. మొన్నొక పొద్దున ల్యాప్‌టాప్ తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మేడమ్, మన ఆఫీసుకు వెబ్‌సైటు చేస్తాండాను. రెండు బాక్సులు నింపితే అయిపోతాది. ఒకదాంట్లో ప్రొఫెషనల్ బ్యాక్‌గ్రౌండు, ఇంకోదాంట్లో ఏరియాస్ ఆఫ్ ఎక్స్‌పర్టీజు. మీరు చెప్తా పోండి, నేను కొట్టుకుంటా పోతా" అంది. వకీళ్లు తమ డప్పు తాము కొట్టుకోకూడదని మాకు నియమం ఉంది. పేరు, చదువు, ఎలాంటి కేసులు చూస్తామో చెప్పుకుంటే మాత్రం తప్పులేదట. నేను చెప్పేలోపే తను కొంత రాసి పెట్టుకుంది. 'కార్మిక, ఉద్యోగ వివాదాలలో సుదీర్ఘ అనుభవం. అక్రమ తొలగింపు కేసులలో విశేష నైపుణ్యం.' చదివేసరికి నాకు ఒళ్లు మండింది. విశేష నైపుణ్యమట! ఆ నైపుణ్యం ఎవరి పొట్ట కొట్టి వచ్చిందో ఈ పిల్లకేం తెలుసు? "తీసెయ్ అది" అని కసిరాను. పాపం, ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లింది. సాయంత్రం రమ్మన్నాను. ఈలోపు ఆ ఖాళీ బాక్సులను చూస్తూ కూర్చున్నాను. ఎన్నేళ్లయినా తగ్గని కోపం ఒకటి నాలో ఉంది. అది ముందు నా మీద, తర్వాతే లోకం మీద.

నేపథ్యం అంటే తిరుపతిలో నేను లా చదివిన కాలేజీ పేరు రాయాలి కాబోలు. నిజానికి నా నేపథ్యం పుంగనూరులో మా బట్టల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. మధ్యలో ఒక చీకటి నడవ. ఆ నడవలో నిలబడితే ఒక పక్క నుంచి కోరా గుడ్డ గంజి వాసన, ఇంకో పక్క నుంచి అమ్మ రాగిసంగటి కెలుకుతున్న వాసన కలిసి వచ్చేవి. పొద్దున్నే మా నాయన స్నానం చేసి, విభూది పెట్టుకుని, సాంబ్రాణి పొగ వేసి గద్దె మీద కూర్చునేసరికి అంగడంతా ఊడ్చి, పరుపుల మీద తెల్లగుడ్డ పరిచి, తానులు వరసగా నిలబెట్టి సిద్ధంగా ఉంచేది నాగప్ప. సన్నగా, పొడుగ్గా, భుజాన ఎప్పుడూ ఒక కొలత గజంతో ఉండేవాడు. చీర విప్పి చూపించి మళ్లీ మడిస్తే ఆ మడత ఎవరూ విప్పనట్టే ఉండేది. గుడ్డను కత్తెరతో కత్తిరించేవాడు కాదు. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టుకుని ఒక్క లాగు లాగితే చర్రుమని నిట్టనిలువునా చిరిగేది. "నూలు యాడికి పోవాలంటే ఆడికే పోతాది పాపా. మనం అడ్డం పడకుండా ఉంటే సాలు" అని నా చేత పాత గుడ్డలు చింపించి నేర్పాడు. బడి నుంచి రాగానే నేను ముందు వెతికేది అమ్మను కాదు, నాగప్పను.

మా ఇంట్లో అందరూ నాగప్పను "ఇంటి మనిషి" అనేవాళ్లు. మధ్యాహ్నం అన్నం మా ఇంట్లోనే తినేవాడు. వెనక వసారాలో, చూరులో విడిగా దోపి ఉంచిన సత్తు పళ్లెంలో. ఇంటి మనిషికి ఇంటి పళ్లెం ఎందుకు లేదని ఆ వయసులో నాకు తోచలేదు. అంగడి గోడకు ఒక నల్ల బోర్డు ఉండేది, దాని మీద తెల్ల రంగుతో 'వారపు సెలవు: శుక్రవారం' అని రాసి ఉండేది. ప్రతి అంగట్లోనూ అలాంటి బోర్డు ఉండాలని చట్టం. శుక్రవారం మా షట్టరు దించే ఉండేది, అందులో అబద్ధమేమీ లేదు. కానీ శుక్రవారం పొద్దున కూడా నాగప్ప వచ్చేవాడు, వెనక దోవన. దించిన షట్టరు లోపల బల్బు వేసుకుని కొత్తగా వచ్చిన మూటలు విప్పి, పాతవి దులిపి, పొద్దు వాలేదాకా మడతలు వేస్తూ ఉండేవాడు. మా మీద ఎంత ప్రేమ కాకపోతే సెలవు రోజు కూడా వస్తాడని నేను బడిలో గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి పరుపుల దగ్గర ఎవరో కొత్తాయన ఉన్నాడు. నాగప్ప ఏడని అమ్మను అడిగితే, పప్పు రుబ్బుతూ తల ఎత్తకుండా, "నిలిచిపోయినాడంట లే" అంది. అంతే. చూరులోని పళ్లెం కూడా లేదు. నాకు చెప్పకుండా తనంతట తనే పని మానుకుని వెళ్లిపోయాడని ఎంత కోపం వచ్చిందో! ఆ తర్వాత కొన్ని నెలలకు సంతలో కనిపించాడు. "పాపా, బాగుండావా?" అని చేయి చాచి దగ్గరికి వచ్చాడు. నేను ముఖం తిప్పుకుని అమ్మ వెనక్కు వెళ్లాను. ఆ చేయి అలాగే గాలిలో ఆగడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

చదువు పూర్తయ్యాక మదనపల్లెలో రామచంద్రప్ప సార్ దగ్గర జూనియరుగా చేరాను. పనివాళ్ల కేసులు తప్ప ఇంకో కేసు పట్టని మనిషి. అందుకే ఆయన ఇల్లు ఎప్పుడూ జనంతో నిండి ఉండేది, ఇంటి గోడలకు మాత్రం సున్నం కూడా ఉండేది కాదు. ముందుగదే ఆఫీసు. ఎండాకాలం టమోటా మార్కెట్టు నుంచి చితికిన పండ్ల పులిసిన వాసన గాలి తిరిగినప్పుడల్లా లోపలికి వచ్చేది. సార్ భార్య కమలమ్మ వేయించిన చెనక్కాయలు ఒక గంపలో బల్ల మీద పెట్టేది. ఎవరొచ్చినా ముందు గుప్పెడు చేతిలో పోసి, "ఒలుచుకుంటా చెప్పప్పా, తొందరేం లేదు" అనేవారు సార్. చేతులకు పని ఉంటే మనిషి భయం మరిచి మాట్లాడతాడని ఆయన నమ్మకం. మధ్యలో ఆపనిచ్చేవారు కాదు. నన్ను పక్కన కూర్చోబెట్టి, "వాళ్లు ఏ మాట అంటే ఆ మాటే రాయమ్మా. నీ ఇంగ్లీషు సాయంత్రం చూపిద్దువులే" అనేవారు. పొద్దుగూకేసరికి నా నోటుబుక్కు మీద చెనక్కాయ పొట్టు, నా అరచేతుల్లో ఆ వాసన.

సాలమ్మ అలాగే వచ్చింది, కుప్పం నుంచి రెండు బస్సులు మారి. గ్రానైటు రాళ్లు నునుపు చేసే ఫ్యాక్టరీలో పని. మిషను కింద నుంచి బయటికొచ్చిన పలకలను నీళ్లు పోసి కడిగి, తుడిచి, నిలబెట్టాలి. పొద్దస్తమానం తడిలోనే నిలబడటంతో ఆమె పాదాలు ఉబ్బి, వేళ్ల సందులు తెల్లగా పాసిపోయి ఉండేవి. చెనక్కాయలు ఒలవడానికి కూడా గోళ్లు మిగల్లేదు. అంత పనిలో ఆమె అడిగింది ఒకే ఒకటి. అక్కడ ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. లేదనడానికీ లేదు, ఉంది. తలుపు మీద 'లేడీస్' అని నీలం రంగుతో రాసి ఉంది, లోపల సిమెంటు మూటలు, విరిగిన బ్లేడ్లు, బయట తాళం. ఆడవాళ్లు రాళ్ల తుక్కు గుట్ట దాటి, రైలు పట్టాల అవతలికి పోవాలి. అంత దూరం పోతే సూపర్వైజరు నోరు చేసుకుంటాడని పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా పని చేసేవాళ్లు. పని అంతా నీళ్లతోనే, గొంతు మాత్రం ఎండబెట్టుకోవాలి! ఒకరోజు తనిఖీకి ఒక ఆఫీసరు వచ్చి ఆ నీలం అక్షరాలు చూసి తల ఊపి వెళ్లిపోబోతుంటే, సాలమ్మ చేతిలో గుడ్డ పక్కన పడేసి, "సార్, ఆ తాళం తీపించి సూడండి సార్" అంది. తాళం తీశారు. ఆయన చూశాడు, ఏదో రాసుకున్నాడు.

మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెను ఆపేశాడు. "నువ్వు ఇంక రావద్దంట" అన్నాడు. ఎవరన్నారంటే తెలియదు. మేనేజరును అడగాలంటే లోపలికి పోనివ్వరు. వారం రోజులు గేటు దగ్గరే కూర్చుంది. కాగితం లేదు, సంతకం లేదు, ముఖం లేదు. 'అంట' ఒక్కటే ఉంది. ఒక మనిషి బతుకు మీద వేటు వేసి, ఆ వేటు వేసింది ఎవరో చెప్పనక్కర్లేకుండా చేసే మాట మన భాషలో ఇంత సులువుగా దొరకడం నాకు ఈరోజుకీ కడుపు రగిలే సంగతే.

సార్ ఆమెను, "నీకేం కావాలమ్మా?" అని అడిగారు. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నేను మళ్లీ ఆ గేట్లో నుంచి లోపలికి పోవాల సార్. నా జాగాలో నేను నిలబడల్ల. ఆ తాళం తీసే ఉండాదో మళ్లీ ఏసినారో సూడల్ల." నేను నోటుబుక్కులో ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. 'ఉగాది అయినాక పని నిలిచిపోయినా' అన్న మాట అందులోనే ఉంది. సాయంత్రం దాన్ని ఇంగ్లీషులోకి తిప్పి, నోటిమాటగా ఉద్యోగం నుంచి తొలగించారని పిటిషన్ తయారు చేశాను. సార్ దిద్దారు. లేబర్ ఆఫీసరు ముందు రాజీ మాటలు జరిగాయి, ఫ్యాక్టరీ తరపున ఎవరూ సరిగ్గా రాలేదు, కేసు లేబర్ కోర్టుకు చేరింది. అది మా జిల్లాలో లేదు. వాయిదాకు పోవాలంటే తెల్లవారకముందే బస్సెక్కాలి. ఆమె ఒక్క వాయిదా కూడా తప్పలేదు. ఉన్న ఒక్క మంచి చీరనే ప్రతిసారీ ఉతికి కట్టుకుని వచ్చేది.

ఆమెను బోనెక్కించే రోజున సార్‌కు మోకాలు వాచి లేవలేకపోయారు. నన్నొక్కదాన్నే పంపారు. ఫ్యాక్టరీ వకీలు మా సీమ మనిషే, మా యాసే. ఆయన లేచి, ఎంతో ఆప్యాయంగా, "ఏమ్మా సాలమ్మా, పనికి ఎప్పుడు నిలిచిపోతివి నువ్వు?" అన్నాడు.

"ఉగాది అయినాక నిలిచిపోయినా సార్."

"నిన్ను ఎవురన్నా తీసేసినారా?"

సాలమ్మ మెడ నిటారుగా అయింది. "నన్ను యాల తీసేస్తారు సార్? నేనేమన్నా దొంగతనం చేసినానా? నన్నెవురూ తీసెయ్యలేదు. నేను నిలిచిపోయినా, అంతే."

"సరేమ్మా, సాలు" అని ఆయన కూర్చున్నాడు.

మా వైపు 'తీసేశారు' అంటే ఒకే అర్థం. దొంగతనమో, రంకో, ఏదో తప్పు చేస్తే తీసేస్తారు. మర్యాదగా బతికే మనిషి చచ్చినా తనను తీసేశారని చెప్పుకోదు. గేటు దగ్గర ఆపేసినా, మెడపట్టి గెంటినా, 'నిలిచిపోయినా' అనే అంటుంది. అటు తమిళం, ఇటు కన్నడం ఆనుకున్న ఆ కుప్పం పక్కన అది ఇంకా ఎక్కువ. ఆ వకీలుకు ఇది నాకు తెలిసినంత బాగా తెలుసు. తెలిసే, ఆమె మర్యాదనే తాడుగా పేని ఆమె మెడకు వేశాడు. జడ్జిగారు ఎక్కడో కోస్తా మనిషి. విన్నది విన్నట్టు ఇంగ్లీషులో చెప్పారు, టైపిస్టు కొట్టాడు. 'నన్నెవరూ తొలగించలేదు. నేనే పని మానుకున్నాను.' తర్వాత నా వంతు. కావాలంటే నేను లేచి మళ్లీ ప్రశ్నలు అడగవచ్చు. నిలిచిపోవడమంటే ఏమిటమ్మా, గేటు దగ్గర ఏం జరిగింది అని ఒక్క ముక్క అడిగితే చాలు. నేను అడగలేదు. భయపడి కాదు, మరిచిపోయీ కాదు. నేను పుంగనూరు పిల్లను. ఆమె అన్నది నాకు సరిగ్గానే అర్థమైంది. అంత సరిగ్గా అర్థమయ్యేసరికి, కాగితం మీద అది ఇంకోలా పడిందన్న సంగతి నా చెవికి తగల్లేదు. బాగా చెప్పావమ్మా అని ఆమెకు టీ కూడా తాగించి బస్సెక్కించాను.

తీర్పు వచ్చింది. కార్మికురాలు తన ఇష్టంతో పని మానుకున్నదని ఆమె నోటి మాట వల్లే తేలుతున్నదట. సార్ ఆ కాగితం రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు. "ఆమె ఆ మాట అన్నప్పుడు నీకు వినపడలేదా అమ్మా?" అన్నారు. "వినపడింది సార్. అర్థం కూడా అయింది" అన్నాను. "అదే మన తప్పు" అన్నారు. కాగితం మడిచి పెట్టి, "ఆ పిటిషన్ దిద్దింది నేనే కదా. నీ నోటుబుక్కు చూసిందీ నేనే" అని, చెనక్కాయల గంప పక్కకు జరిపారు. హైకోర్టుకు పోయాం. అది విచారణకు వచ్చేలోపే ఆ ఫ్యాక్టరీ మూతపడింది. తిరిగి పోవడానికి గేటే లేకపోయింది.

అంతకు ముందే, లేబర్ కోర్టు తీర్పు రాగానే ఆ కాపీ పట్టుకుని కుప్పం నేనే వెళ్లాను. సాలమ్మ తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, "తెలుగులో చదువమ్మా" అంది. చదివాను.

"అంటే, నా అంతట నేనే ఇడిసిపెట్టి పోయినానని రాసినారా?"

"అట్లనే రాసినారు సాలమ్మా."

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. నా వైపు చూసి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "నువ్వు ఆడనే ఉంటివి గదమ్మా. నువ్వు ఈ పక్క పిల్లవే గదా. నేను ఏమంటినో నీకు తెలిసె గదా. మల్ల నువ్వు యాల చెప్పలేదు?"

ఆమె లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అది తాగడం కూడా నాకు శిక్షే అయింది. మదనపల్లె బస్సెక్కాను. పలమనేరు దాటాక ఆమె 'నిలిచిపోయినా' అన్న మాట చెవిలో తిరుగుతూ తిరుగుతూ అమ్మ గొంతులోకి మారింది. నిలిచిపోయినాడంట లే. చీర మడతలు, షట్టరు లోపలి బల్బు, సంతలో ఆగిన చేయి. పుంగనూరులో బస్సు ఆగగానే దిగి సరాసరి అంగట్లోకి వెళ్లాను. మా నాయన గద్దె మీద కూర్చుని ఎవరికో పంచె గుడ్డ కొలుస్తున్నాడు. ఆ బేరం అయిపోయేదాకా కూడా ఆగలేదు.

"నాయనా, నాగప్ప నిలిచిపోయినాడా, నువ్వు నిలిపేసినావా?"

"ఎప్పటి నాగప్ప? ఇప్పుడేంటికి ఆ మాట?"

"నిలిపేసినావా?"

నడవలో నుంచి అమ్మ వచ్చింది. "ఇంకేమనుకుంటివి? శుక్రవారం సెలవు కావల్లని అడిగినాడు. బోర్డు మీద రాసుండాది గదా అని చూపించినాడంట. మీ నాయన రేపట్నుంచి రావద్దనె" అంది. నాయన గుడ్డ చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా, "అప్పుడు అందరూ అట్లనే చేస్తాండ్రి మే" అన్నాడు. ఇప్పుడు నాగప్ప యాడ ఉండాడని అడిగాను. కలకడలో కూతురి దగ్గర ఉండేవాడని, చనిపోయి రెండేళ్లయిందంట అని అమ్మ చెప్పింది. ఆ 'అంట' మళ్లీ. బోర్డు అప్పటికీ గోడకే ఉంది. మా నాయన మీద నాకు ప్రేమ లేదని కాదు. కానీ ఆ రోజు ఆయన చేతి నీళ్లు తాగకుండా బస్టాండుకు వచ్చేశాను. ఆయన పోయాక కూడా ఆ కోపం పూర్తిగా పోలేదు, పోగొట్టుకోవాలని నేను ప్రయత్నించనూ లేదు.

అప్పటి నుంచి నా దగ్గరికి ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతాను. నువ్వు నిలిచిపోయినావా, నిలిపేసినారా? నిలిపేస్తే ఎవరు? పేరు చెప్పు. ఏ నోటితో అన్నారో చెప్పు. ఇదే నా నైపుణ్యం, ఇంతకు మించి లేదు. మొన్న పెద్దపంజాణి నుంచి ఒకమ్మాయి వచ్చింది. బెంగళూరులో పెద్ద కంపెనీ, పెద్ద కుర్చీ, మెడలో ఐడీ బిళ్ల. మరుగుదొడ్డికి అద్దాల తలుపులు ఉన్నాయట, సంతోషం. అక్కడ ఒక పొద్దున కంప్యూటరులో ఎవరిదో ముఖం కనిపించి, ఫలానా బటన్ నువ్వే నొక్కితే నీకే మర్యాద అన్నాడట. నొక్కింది. "నేనే రిజైన్ చేసినా మేడమ్" అని నా ముందు తల వంచుకుని చెప్పింది. ఇంగ్లీషు చదువు, ఇంత లోకం తిరిగిన పిల్ల. సాలమ్మ మాటే తనదీ, మెడ నిటారుగా పెట్టడం మాత్రం పోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా అక్కర్లేకుండా, వేటు వేసే పని కూడా వేటు పడేవాళ్ల చేతే చేయించుకోవడం నేర్చారు. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు 'పద్ధతి'.

సాయంత్రం శిరీష మళ్లీ వచ్చింది. పొద్దుటి కసురు మరిచిపోలేదు, కాస్త దూరంగానే కుర్చీ వేసుకుంది. చెనక్కాయల గంప ఆమె వైపు జరిపాను. "ఏం రాయమంటారు మేడమ్, బ్యాక్‌గ్రౌండులో?" అంది.

"పుంగనూరులో ఒక బట్టల అంగడి. ఆ అంగట్లో నాగప్ప అనే మనిషిని పని నిలిపేసినారు. రాయి."

వేళ్లు రెండు మాటలు కొట్టి ఆగాయి. "ఎవరు మేడమ్, నిలిపేసింది?"

ఈ పిల్ల పనికొస్తుంది అనుకున్నాను.

"మా నాయన" అన్నాను. "పేరుతో సహా రాయి."